మా నల్లా దగ్గర లైను

"మీ ఇల్లెక్కడ?" అని ఆఫీసులో ఎవరైనా అడిగితే సంతోష్‌నగర్ అని చెప్తాను. సగం మందికి వెంటనే వెలగదు. ఐ.ఎస్. సదన్ చౌరస్తా దాటాక, ఒవైసీ ఆస్పత్రి ఇంకా రాకముందు.. అని దారి చెప్తే అప్పుడు "ఓ, ఓల్డ్ సిటీనా!" అంటారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్న నాకు ముందే తెలుసు. "అక్కడ మనవాళ్ళు ఉంటారా?"

ఈ "మనవాళ్ళు" అనే మాట మీద నాకు చిన్నప్పటినుంచీ చాలా అనుమానాలున్నాయి. అవన్నీ ఇవాళ ఒకచోట రాసేద్దామని కూర్చున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఈ మధ్య వాట్సాప్ నిండా బాల్యం ఫార్వర్డులే. ఆ రోజుల్లో తలుపులకి గడియలుండేవి కావట, పక్కింటి చారు మనింటికి, మనింటి పప్పు పక్కింటికి వెళ్ళేదట, ఇప్పుడు పక్క ఫ్లాట్లో ఎవరున్నారో కూడా తెలియదట. వాటికి లవ్ గుర్తులు పెట్టేవాళ్ళంతా నాలాగే గేటెడ్ కమ్యూనిటీలో ఏ పదో అంతస్తులోనో ఉండేవాళ్ళే. ఆ ఫార్వర్డుల్లో అబద్ధమేమీ లేదు. నిజంగానే మా వాడకట్టులో అలాగే ఉండేది. కాకపోతే అందులో ఉన్నది సగమే. రెండో సగం కూడా చెప్పుకోవాలి కదా.

మేమున్నది మెయిన్ రోడ్డు మీద కాదు. యాదగిరి థియేటర్ ఉన్న రోడ్డు దిగి లోపలికి, ఇంకా లోపలికి వెళ్తే ఒక పొడుగాటి ఆవరణ. రెండువైపులా కలిపి తొమ్మిది పోర్షన్లు, పైన సిమెంటు రేకులు. పోర్షను అంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. ముందొక గది, వెనక ఒక మనిషి నిలబడి వండుకునేంత వంటిల్లు. అంతే. ఆవరణ చివర రెండు లెట్రిన్లు, ఒక స్నానాల గది. మొత్తానికి ఒకటే కరెంటు మీటరు. బిల్లు వస్తే ఓనరమ్మ ఎవరింట్లో ఎన్ని బల్బులు, ఎన్ని ఫ్యాన్లు అని లెక్కేసి పంచేది. ఎవరైనా కొత్తగా కూలర్ కొంటే అది ఆ ఇంటి సొంత విషయం కాదు, తొమ్మిది కుటుంబాల విషయం :)

ఎవరెవరు ఉండేవాళ్ళంటే.. ఆటో నడిపే కాక వాళ్ళు, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ కుటుంబం, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు కింద పనికెళ్ళే ఇద్దరన్నదమ్ములు, ఒక టైలరు, మగ్గం పని చేసే ఖాలా వాళ్ళు, బల్దియాలో రోడ్లూడ్చే అత్తమ్మ. ఖాలా వాళ్ళ గదిలో మంచం ఉండేది కాదు. దాని స్థానంలో కార్చోబ్ చట్రం ఉండేది. పగలంతా ఖాలా, ఇద్దరు కూతుళ్ళూ దాని చుట్టూ కూర్చుని చీరలకీ, షేర్వానీలకీ జరీ కుట్టేవాళ్ళు. రాత్రి ఆ చట్రాన్ని గోడకి నిలబెట్టి అక్కడే పడుకునేవాళ్ళు.

మా నాన్న ఛత్తా బజార్‌లో పెళ్ళిపత్రికలు అచ్చేసే ఒక ప్రెస్సులో కటింగ్ మిషను మీద పనిచేసేవాడు. అచ్చు తప్పులు పడి పక్కన పడేసిన పత్రికలు కట్టలుగా ఇంటికొచ్చేవి. నా రఫ్ నోటుబుక్కులన్నీ అవే. ఒకవైపు బంగారు రంగులో "శ్రీరస్తు శుభమస్తు" అనో, ఉర్దూలో బిస్మిల్లా అనో ఉండేది, రెండోవైపు నా భిన్నాలూ శాతాలూ. ఇప్పుడు మంచి పెళ్ళిపత్రిక ఏది చేతికొచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తాను, ఖాళీగా ఉందా లేదా అని. అలవాటు అలా ఉండిపోయింది.

ఇక నల్లా సంగతి. మా ఆవరణ మొత్తానికీ గుండెకాయ అదే.

హైదరాబాదు నీళ్ళ కథ మీకు తెలిసే ఉంటుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చాలా ఏళ్ళు ఊరికి తాగునీళ్ళిచ్చాయి. ఊరు పెరిగింది, మంజీర తెచ్చారు, అదీ చాలలేదు. 2004లో కృష్ణా నీళ్ళ మొదటి దశ పూర్తయింది. నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు పైపుల్లో సాహెబ్‌నగర్ దాకా వచ్చి, అక్కడినుంచి మన వైపు పంచడం. పేపర్లో చదివి మా నాన్న "ఇంక కష్టాలు తీరినయ్" అన్నాడు. అంత దూరం వచ్చిన కృష్ణమ్మకి మా గల్లీలో చివరి రెండు వందల గజాలు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. మాకు రోజు విడిచి రోజు నీళ్ళు. గంట, గంటన్నర. ఏ టైముకి వస్తాయో చెప్పలేం, ఒక్కోసారి రాత్రి రెండింటికి కూడా వచ్చేవి. ముందుగా విన్నవాళ్ళు "నల్లా వచ్చింది!" అని కేకేసేవాళ్ళు. ఆ కేకకి మా ఆవరణలో పసిపిల్లలు కూడా లేచేవాళ్ళు.

లైనులో మనిషి నిలబడక్కర్లేదు, బిందె నిలబడితే చాలు. సాయంత్రమే బిందెలు వరసగా పెట్టేసేవాళ్ళు. మొదటి చుట్టులో ఇంటికి రెండు బిందెలు, అవి తాగడానికి. అందరివీ అయ్యాక రెండో చుట్టు, అది వంటకి. ఇంకా వస్తుంటే డ్రమ్ములు. బాలింత ఉన్న ఇంటికి ముందు. ఊరినుంచి చుట్టాలొస్తే ఒక బిందె ఎక్కువ, కానీ అడిగి పట్టుకోవాలి. ఇంజనీరింగ్ రెండో ఏడులో మా సార్ రౌండ్ రాబిన్ షెడ్యూలింగ్ చెప్తుంటే క్లాసంతా ఎగాదిగా చూస్తోంది, నాకు మాత్రం కొత్తగా ఏమీ అనిపించలేదు. టైమ్ క్వాంటమ్ రెండు బిందెలు, ప్రయారిటీ బాలింతకి. అంతేగా!

కొట్లాటలు లేవా అంటే, బోలెడు. పెద్ద బిందె తెచ్చారని ఒకసారి, లైనులో బిందె జరిపారని ఒకసారి. టైలర్ వాళ్ళ ఆవిడా, మేస్త్రీ వాళ్ళ ఆవిడా బిందెలతోటే కొట్టుకుంటే కాక వెళ్ళి విడిపించాడు. ఆ సొట్టపడ్డ బిందె చాలా కాలం ఉంది. అయినా ఆ ఇద్దరికీ ఎల్లుండి మళ్ళీ అదే నల్లా, అదే లైను. నెల్లాళ్ళు మాటల్లేకుండా ఉండటం కుదిరే పని కాదు. మా ఆవరణలో మనుషులు మంచివాళ్ళు కాబట్టి కలిసున్నారని నేననుకోను. అలిగి వెళ్ళి కూర్చోవడానికి ఇంకో నల్లా లేదు కాబట్టి కలిసున్నారు.

అదే ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ఇంకో మాట చెప్పారు.. స్టార్వేషన్. తక్కువ ప్రయారిటీ ఉన్న ప్రాసెస్ క్యూలోనే ఉంటుంది కానీ దాని వంతు ఎప్పటికీ రాదు. ఆ మాట వినగానే నాకు బల్దియా అత్తమ్మ బిందె గుర్తొచ్చింది.

ఆమెది ఆఖరి పోర్షను, లెట్రిన్ల గోడ పక్కన. ఆమె బిందె వరసలో ఉండేది కాదు, విడిగా గోడవారన ఉండేది. రెండు చుట్లూ అయ్యాక, డ్రమ్ములు కూడా నిండాక, ధార సన్నబడ్డాక, ఎవరో ఒకరు పైపు ఎత్తి ఆమె బిందెలో పెట్టేవాళ్ళు. నల్లా ఆమె చేత్తో తిప్పగా నేను చూడలేదు. నీళ్ళు ఆగిపోతే ఆమె, ఆమె కూతురు గల్లీ చివర బోరింగు దగ్గరికి వెళ్ళి ఉప్పునీళ్ళు కొట్టుకొచ్చుకునేవాళ్ళు. ఎందుకలా అని చిన్నప్పుడు అడిగితే మా ఇంట్లో చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు: "ఆమె తెల్లారకముందే డ్యూటీకి పోతది కదా బిడ్డా, తీరుబాటుగ పట్టుకుంటది." కులం అనే మాట ఎవరూ అనలేదు. అనే అవసరమే రాలేదు, చక్కటి కారణం ఒకటి ఉంది కాబట్టి.

తర్వాత చదువుకున్నాను. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చెరువు నీళ్ళు ముట్టుకోవడానికి జనంతో నడవాల్సి వచ్చిందనీ, అంతకన్నా ముందే, 1906లో, మన హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ జగన్ మిత్ర మండలి పెట్టి ఇదే మాట చెప్పాడనీ, అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చిందనీ. అవన్నీ పుస్తకంలో ఉన్నాయి. మా నల్లా దగ్గర మాత్రం 2006 దాకా ఆ బిందె గోడవారనే ఉంది.

2006లో చికున్‌గున్యా వచ్చింది. రాష్ట్రమంతా వచ్చింది, గుర్తుండే ఉంటుంది మీకు. మా ఆవరణలో ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గేది కానీ కీళ్ళు పట్టేసేవి. మా అమ్మ గ్లాసు పట్టుకోవడానికి రెండు చేతులూ వాడేది. మేస్త్రీ గోడ పట్టుకుని నడుస్తుంటే పిల్లలం వెనక నడిచి వెక్కిరించాం, మర్నాడు మాకూ వచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

ఆ వారంలో ఒక రాత్రి నల్లా వచ్చింది. కేక ఎవరు వేశారో తెలియదు, లేచేవాళ్ళు మాత్రం లేరు. బల్దియా అత్తమ్మకి అందరికన్నా ముందే వచ్చి తగ్గింది. ఆమె, ఆమె కూతురు వచ్చారు. వరసలో ఉన్న బిందెలన్నీ పట్టారు. తొమ్మిది ఇళ్ళవీ. ఒక్కో గుమ్మం ముందూ పెట్టారు. మా అమ్మ చప్పుడు విని గోడ పట్టుకుని లేచి చూసింది, ఏమీ అనలేదు.

పొద్దున మా నానమ్మ అడిగింది, "మన బిందె ఎవరు ముట్టిన్రు?" అని. అమ్మ చెప్పింది. నానమ్మ ఆ బిందె వైపు చాలాసేపు చూసింది. అమ్మ అంది, "వద్దంటే పారబోస్త అత్తమ్మా. ఎల్లుండి దాంక మళ్ళ రావు." నానమ్మ మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టలేదు. తర్వాత చిటికెడు పసుపు వేసుకుని తాగింది. ఆ పసుపు ఇంకో వారం, పది రోజులు నడిచింది. ఆ తర్వాత మర్చిపోయిందో, పసుపు దండగ అనుకుందో తెలియదు, మానేసింది.

అందరూ లేచి తిరుగుతున్నాక మొదటిసారి బిందెలు పెట్టే రోజు, ఖాలా వచ్చి గోడవారనున్న బిందెని తీసుకొచ్చి తన బిందె పక్కనే వరసలో పెట్టింది. "ఇధర్ రహనే దో" అంది, ఎవరితోనో కాదు, ఊరికే గాలిలోకి. ఎవరూ తీయలేదు. టైలర్ వాళ్ళావిడ ఒక నెల రోజులు బోరింగు నీళ్ళతోనే గడిపింది. ఉప్పునీళ్ళతో పప్పుడకదు కదా, నెల తర్వాత ఆవిడ బిందె కూడా లైనులోకి వచ్చింది.

అక్కడితో అన్నీ సరైపోయాయని చెప్తే అది సినిమా అవుతుంది. కొన్నేళ్ళకి అత్తమ్మ కూతురి పెళ్ళయింది. ఆవరణ మొత్తం వెళ్ళింది, పత్రికలు మా నాన్నే అచ్చు ఖర్చు మీద వేయించాడు. అక్కడ కూర్చుని తిన్నవాళ్ళు మాత్రం సగం మందే. మిగతావాళ్ళకి ఆ రోజే కడుపునొప్పులూ, శనివారాలూ గుర్తొచ్చాయి. మా అమ్మ తింది. నానమ్మ రాలేదు. నీళ్ళదాకా వచ్చింది కానీ అన్నందాకా రాలేదు.

"మనవాళ్ళు" అన్నప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. నన్నడిగేవాళ్ళ లెక్క ప్రకారం ఆ ఆవరణలో ఖాలా వాళ్ళు తప్ప అందరూ మనవాళ్ళే. కానీ గోడవారనున్న బిందెని లైనులోకి తెచ్చింది ఖాలా.

2012 ఏప్రిల్‌లో మాదన్నపేట, సైదాబాద్ పోలీస్ స్టేషన్ల పరిధిలో కర్ఫ్యూ పెట్టారు. నేను తొమ్మిదో తరగతి. ఓల్డ్ సిటీ అనగానే జనానికి గుర్తొచ్చేది ఇదే కాబట్టి ఇదీ చెప్పాలి. మొదటి రోజు మా ఆవరణలో కూడా ఎవరూ ఎవరి ముఖమూ సరిగా చూడలేదు. టీవీలు మెల్లగా పెట్టుకున్నారు. ఓనరమ్మ గేటుకి తాళం వేసింది. ఖాలా కూతుళ్ళు మోరీ కడగడానికి కూడా బయటికి రాలేదు. భయం లేదని నేను చెప్పను, ఉంది. అటూ ఉంది, ఇటూ ఉంది.

రెండో రోజు సడలింపు ఇచ్చినప్పుడు లెక్క వేరే అయింది. పాలు, కూరగాయలు తేవాలి. ఒక వైపు గల్లీలోకి వెళ్ళడం మా నాన్నకి మంచిది కాదు, ఇంకో వైపు గల్లీలోకి వెళ్ళడం ఖాలా వాళ్ళ అబ్బాయికి మంచిది కాదు. ఓనరమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని చీటీలు రాసింది. ఆ వైపు దుకాణాల్లో దొరికేవన్నీ తొమ్మిది ఇళ్ళకీ ఆ అబ్బాయి తేవాలి, ఈ వైపువి కాకా, నాన్నా తేవాలి. పాలు ఎవరికి దొరికితే వాళ్ళు అందరికీ. ఉపన్యాసాలేం లేవు, కౌగిలింతలేం లేవు. పాల ప్యాకెట్లు లెక్క తక్కువొస్తే రుసరుసలు కూడా మామూలే. ఈ పద్ధతి వాళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందని నేను ఇప్పుడు ఆలోచిస్తే ఒకటే జవాబు. ఎన్నో ఏళ్ళు ఒక నల్లా దగ్గర వంతులేసుకున్న అలవాటు అది. ముందు అందరికీ రెండేసి, తర్వాత మిగతాది.

ఆ తర్వాత కొద్ది కాలానికే ఓనరమ్మ సంపు తవ్వించి, మోటారు పెట్టించి, పైన ట్యాంకు కట్టించి ప్రతి పోర్షనుకీ విడిగా పైపు వేయించింది. అద్దె రెండు వందలు పెంచింది. లైను అయిపోయింది. మా ఆవరణలో ఆడవాళ్ళెవరూ ఆ లైను కోసం బాధపడలేదు. ఇది మాత్రం గట్టిగా చెప్పగలను. "ఆ రోజులే బాగుండేవి" అనే మాట నేను మగవాళ్ళ నోట విన్నాను, పిల్లలుగా ఉన్న మా నోట విన్నాను. అమ్మతో ఒకసారి అలా అంటే నా వైపు తిరిగి "నువ్వు మోసినవా బిందె?" అంది. ఆమె కుడి భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

కాబట్టి నాకు ఆ లైను మళ్ళీ కావాలని లేదు. ఎవరికీ వద్దు. 2021 నుంచి నగరంలో ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఉచితంగా ఇచ్చే పథకం కూడా వచ్చింది, మంచిదే. లేమి వల్ల వచ్చిన ఐకమత్యం కోసం లేమిని కోరుకోవడం, జ్వరం తగ్గాక కషాయం రుచి కోసం మళ్ళీ జ్వరం రావాలనుకోవడం లాంటిది. నేను అడిగేది వేరే. అవసరం మెడ మీద కూర్చుంటే మా నానమ్మ, టైలర్ వాళ్ళావిడ తమ పాత నియమం ఒకటి వదులుకున్నారు. అవసరం లేని మనం, చదువుకున్న మనం, ఏం చేస్తున్నాం?

నేనిప్పుడు నల్లగండ్ల వైపు ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకుంటున్నాను. పేరెందుకు లెండి. టవరుకి మూడు లిఫ్టులు. ఒకదాని మీద "సర్వీస్" అని రాసుంది. పక్కనే బోర్డు: పనివాళ్ళు, డెలివరీ వాళ్ళు ఇదే వాడాలి. చెత్త డబ్బాలు, సిమెంటు బస్తాలు, మనుషులు అన్నీ అందులోనే. అది నెలలో నాలుగైదు రోజులు చెడిపోతుంది. మా ఇంట్లో పనిచేసే ఆమె రోజుకి ఆరు ఇళ్ళు చేస్తుంది. లిఫ్టు కోసం పదేసి నిమిషాలు ఆగితే ఆమెకి ఒక ఇల్లు పోయినట్టే. పక్కన రెండు లిఫ్టులు ఖాళీగా తలుపులు తెరుచుకుని నిలబడి ఉంటాయి.

టవర్ గ్రూపులో ఈ బోర్డు ఎందుకని అడిగాను. జవాబులు చాలా మర్యాదగా వచ్చాయి. శుభ్రత కోసం. సెక్యూరిటీ కోసం. పిల్లలుంటారు కదా. ఒకాయన అయితే "వాళ్ళకీ అదే కంఫర్టబుల్ అండీ" అన్నాడు. అది చదవగానే నాకు మా గోడవారనున్న బిందె కనపడింది. ఆమె తెల్లారకముందే డ్యూటీకి పోతది కదా, తీరుబాటుగ పట్టుకుంటది.

పోయిన వేసవిలో మా అమ్మ ఒక్కతే వచ్చింది. మాదన్నపేట మండీలో కూరగాయలు కొని, గోనెసంచీలో వేసుకుని, రెండు బస్సులు మారి. నేను ఆఫీసులో ఉన్నాను. కొత్త గార్డు ఆమె నేతచీర, సంచీ చూసి సర్వీస్ లిఫ్టు చూపించాడు. ఆమె అందులోనే వచ్చింది. నాకు చెప్పలేదు. రెండు రోజుల తర్వాత పనామె చెప్తే తెలిసింది. నేను కిందికి వెళ్ళి గార్డుని అడగబోతే అమ్మ ఆపింది. "వానిదేం తప్పు, బోర్డు వాడు రాసిండా? గా లిఫ్టు గూడ పైకే పోతది" అంది. కాసేపాగి, "ఆమె మాత్రం పాపం రోజూ ఆగుతున్నది" అంది.

వచ్చే నెల సర్వసభ్య సమావేశం ఉంది. అద్దెకున్నవాళ్ళకి ఓటు లేదు, కాబట్టి ఓనర్ల సంతకాలు పోగేస్తున్నాను. ఇప్పటికి పదకొండయ్యాయి. చెత్తకీ, సామానుకీ ఒక లిఫ్టు ఉంచండి, మనుషులందరికీ అన్ని లిఫ్టులూ ఇవ్వండి అని ఒక్క వాక్యం. నెగ్గుతుందో లేదో చూడాలి. సంతకం పెట్టనన్నవాళ్ళలో ఇద్దరు ఆ బాల్యం ఫార్వర్డు పంపినవాళ్ళే, అది వేరే సంగతి.

మీ అపార్ట్‌మెంట్లో అలాంటి బోర్డు ఉందేమో ఓసారి చూడండి. ఉంటే, ఎందుకు పెట్టారో అడగండి. చాలా సబబైన కారణమే చెప్తారు. మా ఆవరణలో కూడా సబబైన కారణమే చెప్పేవాళ్ళు.